నీ ఐటెం ఏంటని అడిగారు

సర్కస్‌లో చేరతానని వెళ్తే మేనేజరు నన్ను గెంతి చూపించమనలేదు, పల్టీ కొట్టమనలేదు. ఆధార్ కార్డు అడిగాడు. దాని జిరాక్సు, పదో తరగతి మార్కుల మెమో ముందు పెట్టుకుని పుట్టిన తేదీ మీద వేలు ఆనించి రెండుసార్లు లెక్కేసుకున్నాడు. పద్దెనిమిది నిండి ఎన్నాళ్ళో కాలేదు కానీ నిండాయి. "సరే, ఇక్కడ సంతకం పెట్టు" అన్నాడు.

అంత జాగ్రత్త ఎందుకో తర్వాత తెలిసింది. 2011 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సర్కసుల్లో పిల్లల్ని పెట్టుకోకూడదని, ఉన్నవాళ్ళను విడిపించి పునరావాసం చూపించాలని ఆదేశించింది. బాల కార్మికుల్ని విడిపించే బచ్‌పన్ బచావో ఆందోళన్ అనే సంస్థ వేసిన కేసు అది. అప్పటిదాకా ఆరేడేళ్ళ పిల్లల్ని తెచ్చి, ఎముక లేతగా ఉండగానే ఒళ్ళు వంచేవారు. ఆ తీర్పు తర్వాత పిల్లలు లేరు, పెద్దవాళ్ళు ఒక్కొక్కరే రిటైరవుతున్నారు, కొత్తగా వచ్చేవాళ్ళు దొరకడం లేదు. లేకపోతే ఒక్క ఫీటూ రాని పద్దెనిమిదేళ్ళ దాన్ని ఏ కంపెనీ తీసుకుంటుంది?

ఇంతకీ ఆ తేదీ నేను పుట్టిన తేదీ కాదు. రైల్వే స్టేషన్లో దొరికిన పిల్లనని అనాథల హోంకి తెచ్చినప్పుడు డాక్టరు పళ్ళు చూసి, నాలుగేళ్ళుండొచ్చని రాశాడట. బళ్ళో వేసేటప్పుడు మాస్టారు జూన్‌లో ఒక తేదీ వేశారు. మా హోంలో సగం మందిమి జూన్‌లోనే పుట్టాం.

సంతకం అయ్యాక ఆడవాళ్ళ డేరాలో సంచీ పెట్టుకుంటుంటే ఒకావిడ హిందీలో అడిగింది: "నీ ఐటెం ఏంటి?" ఏ ఊరు, ఎవరి అమ్మాయివి, నాన్నేం చేస్తాడు... ఇవేమీ అడగలేదు. బస్సులో పక్క సీటావిడ దగ్గర్నుంచి బ్యాంకు గుమాస్తా దాకా అప్పటివరకూ అందరూ ముందు నాన్న పేరే అడిగారు. లేదంటే ముఖం మారిపోయేది, "అయ్యో" అనేవారు. ఆ అయ్యో తర్వాత నేనేం మాట్లాడినా వాళ్ళ చెవికెక్కదు.

ఇంకా ఏ ఐటెమూ లేదన్నాను. "వస్తుందిలే. బకెట్టు తెచ్చుకున్నావా? నీళ్ళ ట్యాంకరు పొద్దున ఒక్కసారే వస్తుంది" అంది.

హోం గురించి ఫిర్యాదేమీ లేదు. అన్నం పెట్టారు, చదివించారు. కాకపోతే స్టేజీ ఎక్కడం అంటే ఏమిటో నాకు తెలిసింది అక్కడే. ఆదివారమో పండగో ఎవరి పుట్టినరోజో అయితే కార్లు వచ్చేవి. మమ్మల్ని వరసగా కూర్చోబెట్టేవారు. ఎన్నడూ చూడని ఏ బాబుకో హ్యాపీ బర్త్‌డే పాడి, చప్పట్లు కొట్టి, ఫోటో దిగాకే విస్తరి ముందుకు. నేను బక్కగా, ఇంతింత కళ్ళేసుకుని ఉండేదాన్ని కాబట్టి ఎప్పుడూ ముందు వరసే. "మరీ పళ్ళు కనపడేట్టు నవ్వకండే" అనేది వార్డెనమ్మ. పళ్ళు కనపడితే చందా తగ్గుతుందని ఆవిడ అనుభవం.

సర్కస్ మొదట చూసింది కూడా ఆ ఖాతాలోనే. ఊళ్ళోకి సర్కస్ వస్తే అనాథాశ్రమాల పిల్లలకు ఒక ఆట ఉచితంగా చూపించడం ఆనవాయితీ. "ఈరోజు మన మధ్య అనాథ బాలికలు ఉన్నారు" అని మైకులో చెప్పి జనం చేత చప్పట్లు కొట్టించారు. మేమేం చేశామని? కాసేపటికి పైనున్న ఊయల మీంచి ఒకమ్మాయి రెండు పల్టీలు కొట్టి అవతలివాడి చేతుల్లో పడింది. అదే జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. చెవులు దిమ్మెక్కాయి. ఆ అమ్మాయి కిందకి దిగి, అరచేతులు తొడలకు తుడుచుకుని, ఎవరి ముఖమూ చూడకుండా తెర వెనక్కి వెళ్ళిపోయింది. మా వైపు కూడా చూడలేదు. నాకు ఆ వెళ్ళిపోవడం నచ్చింది.

పద్దెనిమిది వచ్చాక హోంలో ఉండనివ్వరు. 21 ఏళ్ళ దాకా ఆసరా ఇవ్వొచ్చని చట్టంలో ఉంది. అది మా దాకా వచ్చేసరికి కుట్టుమిషను ట్రైనింగు, ఒక పెళ్ళి సంబంధం అయింది. అబ్బాయి అనకూడదు, నలభై దగ్గరపడ్డ మనిషి. కట్నం వద్దన్నాడు. అనాథకు జీవితం ఇస్తున్నానని ఊరంతా చెప్పుకుంటున్నాడని విన్న రోజే సర్కస్ ఏ ఊళ్ళో క్యాంపు వేసిందో కనుక్కున్నాను.

*

ఫ్లయింగ్ అంటే ఊయల మీంచి ఎగిరి అవతలివాడి చేతుల్లో పడటం. అది నేర్పే మాస్టరు కేరళలో తలశ్శేరి వైపు మనిషి. అరవై దాటాయి, ఒక భుజం పైకి లేవదు. మలయాళం, హిందీ కలిపి మాట్లాడతాడు, కోపమొస్తే మలయాళం ఒక్కటే. తాళ్ళు బిగిస్తూ వాళ్ళ ఊరి గొప్పలు చెప్పేవాడు. 1880లో బొంబాయిలో విష్ణుపంత్ ఛత్రే అనే మహారాష్ట్రుడు మన దేశపు మొదటి సర్కస్ పెట్టాడట. ఆ ఛత్రే తలశ్శేరి వచ్చినప్పుడు కీలేరి కుంజిక్కణ్ణన్ అనే వ్యాయామం మాస్టరుతో పరిచయమైంది. కుంజిక్కణ్ణన్ 1901లో చిరక్కరలో సర్కస్ బడి పెట్టాడు. దేశంలో ఏ డేరా కింద చూసినా మలయాళీలు కనిపించడానికి మూలం ఆ బడి. మీ ఆంధ్రావాళ్ళు టికెట్లు కొనడం తప్ప ఏం చేశారన్నట్టు చూసేవాడు. నేను ఊరుకుంటానా? కోడి రామ్మూర్తి నాయుడు పేరెత్తేదాన్ని. వీరఘట్టంలో పుట్టి, విజయనగరం నుంచి సర్కస్ నడిపి, రొమ్ము మీద ఏనుగుని నిలబెట్టుకున్న మనిషి. తర్వాత విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం చూపిస్తే మాస్టరు కింది నుంచి పైదాకా చూసి, "కాళ్ళు మంచివి" అని ఒప్పుకున్నాడు.

మొదటి పాఠం పడటం. భూమికి మనిషెత్తున నెట్ కట్టి ఉంటుంది. అందులో పడితే ఏమవుతుందిలే అనుకుంటాం గానీ, జనం అనుకునేంత మెత్తనిది కాదది. కాళ్ళ మీద పడితే చీలమండ తాళ్ళ సందులో ఇరుక్కుంటుంది. మోకాళ్ళ మీద పడితే మన మోకాలే మన ముక్కు పగలగొడుతుంది. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు మొత్తం ఒకేసారి ఆనేట్టు వెల్లకిలా పడాలి. పడగానే నెట్ పైకి విసురుతుంది, అసలు ప్రమాదం ఆ రెండో పడటంలో ఉంది. ఒక గండం గడిచిందని ఒళ్ళు వదిలేస్తాం కదా, మెడకి దెబ్బ తగిలేది అప్పుడే. ముందు చిన్న నిచ్చెన మీంచి, తర్వాత కొంచెం పైనుంచి, అలా వారాల తరబడి పడటమే పని. రాత్రి జాకెట్టు విప్పితే నులకమంచం అల్లిక అచ్చుగుద్దినట్టు వీపంతా గళ్ళు. ఆ గళ్ళకు కొబ్బరినూనె రాసింది బకెట్టు గురించి అడిగిన ఆవిడే. ఆవిణ్ణి అందరూ దీదీ అంటారు.

తర్వాత చేతులు. బార్, అంటే ఊయల కడ్డీ, పట్టుకుని ఊగితే మొదటి వారమే అరచేతుల్లో పొక్కులు. అవి చిట్లి తొక్క లేస్తుంది. లేచిన తొక్కని కత్తెరతో కత్తిరించి, ఉప్పునీళ్ళలో ముంచి, మర్నాడు మళ్ళీ అదే బార్ పట్టుకోవాలి. కొన్నాళ్ళకు వేళ్ళ మొదట్లో కాయలు కాస్తాయి. అవి కాస్తే చాలదు, పెరగనివ్వకూడదు. లావైన కాయ బార్‌కి పట్టుకుని మొత్తంగా ఊడొస్తుంది. అందుకని కాళ్ళు తోముకునే రాయితో వాటిని అరగదీసుకుంటూ ఉండాలి. చెమటకి తెల్ల పౌడరు, మెగ్నీషియం కార్బొనేట్. కుట్టు ట్రైనింగులో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఒకసారి కలిసి నా చెయ్యి పట్టుకోగానే వదిలేసింది.

ఇక పైన. తాడు నిచ్చెనెక్కి ముప్పై అడుగుల పైనున్న బోర్డు మీద నిలబడాలి. అడుగు వెడల్పు చెక్క. భయం ఎత్తు వల్ల అనుకుంటారు, నాకు భయం వేసింది బార్ బరువుకి. ఇనుప కడ్డీ. ఒక చేత్తో అందుకోగానే మనిషిని ముందుకు లాగేస్తుంది, వెనక నుంచి నడుం బెల్టు పట్టుకున్నవాళ్ళు లేకపోతే అలాగే పోతాం. కింద నుంచి మాస్టరు "హప్" అంటాడు. అన్నాక దూకాలి. అన్నాక ఆలోచించకూడదు. ఆలోచిస్తే అర సెకను ఆలస్యం, ఆ అర సెకనుకి అవతల క్యాచర్ ఊపు దాటిపోతుంది.

క్యాచర్ తన ఊయల తాళ్ళకు కాళ్ళు పెనవేసి తలకిందులుగా ఊగుతుంటాడు. అతను మనల్ని పట్టుకోవాలి. మనం అతన్ని పట్టుకోకూడదు. చేతులు చాచి, వేళ్ళు దగ్గరగా పెట్టి, మణికట్లు అతనికి అప్పగించి ఊరుకోవాలి. నాకు ఇది ఎంతకీ రాలేదు. చెయ్యి కనపడగానే గబుక్కున పట్టేసేదాన్ని. ఒకసారి ఒక టీవీ అమ్మాయి ఈ ముక్క విని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అనాథ కదా, ఎవరూ పట్టుకుంటారన్న నమ్మకం ఉండదు కదా అని. ఆమె మంచిదే. కానీ మా బ్యాచ్‌లో అమ్మా నాన్నా మేనమామలూ ఉన్న అస్సాం అమ్మాయికీ ఇదే రోగం. ఎగిరే మనిషెవరైనా దొరికింది పట్టుకుంటారు. ఇద్దరూ పట్టుకోబోతే వేళ్ళు వేళ్ళకి కొట్టుకుని బొటనవేలు విరుగుతుంది. అందుకని ఒకరే పట్టుకోవాలి, ఊపు మీద అప్పటికే స్థిరంగా ఉన్నవాడు పట్టుకోవాలి. అంతే, మణికట్టు లెక్క.

జనం ముందు మొదటిసారి నేను చేసింది చాలా చిన్నది. బార్‌కి మోకాళ్ళు తగిలించి, తలకిందులై, చేతులు చాచడం. క్యాచర్ మణికట్లు అందుకోగానే మోకాళ్ళు వదలడం. మధ్యాహ్నం ఆట, గ్యాలరీలో సగం ఖాళీ. ఆ తర్వాత వచ్చిన జోకర్‌కి నాకన్నా ఎక్కువ చప్పట్లు పడ్డాయి, న్యాయంగానే. పల్టీ రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. రెండు పల్టీలు నాకు ఎప్పుడూ నమ్మకంగా రాలేదు. చిన్నప్పుడు మొదలుపెట్టినవాళ్ళ నడుం వేరు.

టికెట్ కౌంటరు దగ్గర పెద్దవాళ్ళు "సింహం లేదా? పులి లేదా? మరి దేనికి సర్కస్?" అని తగాదా పడేవారు. 1998లోనే కేంద్రం ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలతో ఆటలు వద్దని నోటిఫికేషన్ ఇచ్చింది, 2001లో సుప్రీంకోర్టు సరేనంది. అది కౌంటర్లో కూర్చున్నవాడు ఎంతమందికని చెప్తాడు? "మనుషులున్నారు సార్, చూడండి" అనేవాడు. కొంతమంది తిరిగి వెళ్ళిపోయేవారు.

డ్రెస్సు గురించి నన్ను అడగని ఆడమనిషి లేదు. ఆ బిగుతు దుస్తుల్ని జనంలోకి తెచ్చింది ఒక మగవాడు. జూల్ లియొటార్డ్ అనే ఫ్రెంచివాడు, 1859లో పారిస్‌లో మొట్టమొదట ఒక బార్ మీంచి ఇంకో బార్ మీదకి ఎగిరింది అతనే. వదులు బట్ట తాడుకి తగులుకుంటే చచ్చిపోతాం, అందుకు బిగుతు. చెంకీలు మాత్రం మా సరదా. రాలినవి రాత్రిపూట మేమే కుట్టుకునేవాళ్ళం. కుట్టు ట్రైనింగు వృథా పోలేదు.

ఇదంతా చదివి సర్కస్ అంటే స్వర్గం అనుకుంటారేమో, దీదీ మాట కూడా చెప్పాలి. ఆవిడది నేపాల్. ఎనిమిదేళ్ళప్పుడు ఇంట్లోవాళ్ళు డబ్బు తీసుకుని ఒక ఏజెంటుకి అప్పగించారు. ఎన్నేళ్ళకు రాసిచ్చారో ఆ పిల్లకి తెలీదు. నేను ఏ నెట్‌లో పడటం నేర్చుకున్నానో అలాంటి నెట్‌లోనే బెత్తం దెబ్బలకు భయపడి దూకేది. ఇల్లు దొరికాక కూడా వెళ్ళలేదు, వెళ్ళి ఏం చేయాలో తెలియక. నేను ఒకరోజు పల్టీ కుదిరిన సంబరంలో ఏదో వాగుతుంటే నింపాదిగా అంది: "నువ్వు నీ కాళ్ళతో నడిచొచ్చావు. రేపు నడిచి వెళ్ళిపోవచ్చు. అందుకే నీకిది బాగుంది." ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు. పిల్లల్ని సర్కస్‌లోకి తీసుకోవద్దన్న తీర్పు వల్ల సర్కస్ చచ్చిపోయిందని మా మాస్టరు బాధపడేవాడు. చచ్చిపోతే పోనీ అని నేను పైకి అనలేదు గానీ, దీదీ పక్కన పడుకున్న ఎవరైనా అనుకుంటారు.

స్వేచ్ఛ, రెక్కలు, ఆకాశం అని పత్రికలవాళ్ళు రాసుకుంటారు. గాలిలో ఉండేది ఒకటి రెండు సెకన్లు, ఆ కాసేపూ బుర్రలో లెక్క తప్ప ఇంకేమీ ఉండదు. నాకు ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టు అనిపించింది నేల మీదే, మొదటి జీతం రోజు. మేనేజరు రిజిస్టరు తిప్పాడు, 6,000 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చాడు. అలవాటు కొద్దీ రెండు చేతులూ జోడించి "చాలా థాంక్స్ సార్" అన్నాను. అతను తలెత్తి, నిజంగానే అర్థం కాక, "దేనికి?" అన్నాడు. వెనకున్నవాళ్ళని రమ్మని చెయ్యి ఊపాడు.

*

2020 మార్చిలో లాక్‌డౌన్ పడేసరికి మేం ఒక చిన్న ఊరి మైదానంలో ఉన్నాం. డేరా వేసింది వేసినట్టే ఉండిపోయింది. ఆటలు లేవు, మైదానం అద్దె మాత్రం నడుస్తోంది. నెలయ్యేసరికి మెస్‌లో బియ్యం అడుగంటాయి. అప్పుడు మళ్ళీ కార్లు వచ్చాయి. బియ్యం బస్తా, పప్పు ప్యాకెట్లు, ఫోన్లు పట్టుకున్న కుర్రాళ్ళు. "మేడం, కొంచెం ఇటు చూడండి." వరసలో నిలబడ్డాను. బియ్యం తీసుకున్నాను, ఆ ఊరివాళ్ళు పెట్టకపోతే పస్తులే. ఫోటోలో మాత్రం పళ్ళన్నీ కనపడేట్టు నవ్వాను. ఆ కుర్రాడు ఇంకోటి తీస్తానన్నాడు. దానికీ నవ్వాను.

కంపెనీ మళ్ళీ పూర్తిగా లేవలేదు. మాస్టరు ఊరికి వెళ్ళిపోయాడు. ఫ్లయింగ్ ఒక్కరు చేసేది కాదు కాబట్టి నేను క్లాత్ ఐటెంకి మారాను. పైనుంచి వేలాడే పొడవాటి బట్టను కాళ్ళకీ నడుముకీ చుట్టుకుని చేసేది. హైదరాబాద్‌లో పెళ్ళిళ్ళు, సంగీత్‌లు, కంపెనీల ఫంక్షన్లు. డబ్బు సర్కస్‌కన్నా ఎక్కువ, చప్పట్లు తక్కువ. జనం ప్లేట్లు పట్టుకుని ఉంటారు కదా.

ఆ మధ్య మా హోం వార్షికోత్సవానికి రమ్మని కమిటీ ఆయన ఫోన్ చేశాడు. పిల్లలకి స్ఫూర్తిగా ఉంటుంది, ఒక ఐటెం చెయ్యమ్మా అన్నాడు. నా రేటు చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. "మన పిల్లలే కదమ్మా. సేవ అనుకో." పిల్లలకి సేవ చేయమంటే వచ్చి నాలుగు రోజులు ఉండి నేర్పిస్తాను, పైసా వద్దు, కానీ స్టేజీ ఎక్కితే రేటు ఉంటుందన్నాను. బేరం సాగింది. సగం రేటు, రిగ్గింగ్ ఖర్చు, అంటే క్లాత్ పైన కట్టే ఏర్పాటు ఖర్చు, వాళ్ళది అనే దగ్గర తెగింది. రిగ్గింగ్ దగ్గర మళ్ళీ పేచీ. హాల్లో ఫ్యాను కొక్కేనికి కట్టుకోమన్నారు. పైనుంచి జారి ఒక్కసారిగా ఆగే చోట నా బరువుకి మూడు నాలుగు రెట్లు లాగుతుంది, కొక్కెంతో పాటు స్లాబు పెచ్చు కూడా ఊడి ముందు వరస పిల్లల మీద పడుతుందని చెప్తే, ట్రస్, అంటే ఇనుప ఫ్రేము, అద్దెకి తెప్పించారు.

ఐటెం అయ్యాక పిల్లలు చుట్టూ మూగారు. భయం వేయదా అని ఒకరు, ఆ బట్ట చిరగదా అని ఒకరు. పదో తరగతి చదివే అమ్మాయి, బక్కగా ఉంది, వెనక నుంచి తోసుకుని వచ్చి, "దీనికి ఎంత ఇస్తారక్కా?" అంది. టీచరు "ఏయ్" అని కసిరింది. నేను ఈ రోజుకి తీసుకున్నది చెప్పాను, మామూలు రేటు కూడా చెప్పాను.

"అందులో నీకెంత మిగులుతుంది?"

రిగ్గింగ్ అబ్బాయికి ఇంత, బస్సుకి ఇంత, క్లాత్ ఏడాదికోసారి మారుస్తాను కాబట్టి దానికని ఇంత పక్కన పెట్టాలి, ఇన్సూరెన్స్ ఇంత అని వరసగా చెప్పాను. ఆ అమ్మాయి వేళ్ళ మీద కూడుకుని, నెలకి ఎన్ని ప్రోగ్రాములు దొరుకుతాయని అడిగింది. మాఘంలో, వైశాఖంలో బాగా, ఆషాఢంలో ఒక్కటి కూడా ఉండదన్నాను.